నాపబండల మధ్య పెట్టిన రికార్డు

నేను చెప్పిన అబద్ధాల్లో బాగా అతికింది కోతి కథ. ముప్పై ఏళ్లు నిలిచింది.

ఎర్రగుంట్లలో ఉండే నా స్నేహితుడి దగ్గర అప్పట్లో ఒక ఇంగ్లీషు రాక్ ఎల్పీ రికార్డు ఉండేది. నల్లటి అట్ట. బ్లూస్ బాణీలో గిటారు మూలుగుతుంటే, ఎండిన బావి అడుగు నుంచి ఎవరో పాడుతున్నట్టుండేది. మాటలు మాకు అర్థం కావు. ఎవరో పోయారని మాత్రం తెలిసేది. దాన్ని బొంబాయి నుంచి తెచ్చిన అతని అన్న ఆ మరుసటి ఏడే జ్వరంతో పోయాడు.

నాలుగు రోజులకని అడిగి కర్నూలు తెచ్చుకున్నాను. బస్సులో కాస్త వంగింది. మా వైపు ఏది చదును కావాలన్నా బండ కిందే పెడతాం. రెండు నాపబండల మధ్య పెట్టి మిద్దె మీద ఎండకు వదిలాను. వేడికి మెత్తబడి సరవుతుందని నా తెలివి. సాయంత్రం పైబండ ఎత్తితే రాతి గరుకంతా రికార్డు మీద అచ్చుపడి ఉంది.

"నీకిద్దామని తెస్తాంటే మీ ఊరి రైలు స్టేషన్లో కోతి ఎత్తుకపోయిందప్పా," అన్నాను అతనితో. "అరటిపండు చూపించినా ఇయ్యల్యా. రేకుల మీద కూచోని, అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, చంకన పెట్టుకొని పాయ."

నవ్వాడు. పదిమందికి నాచేతే చెప్పించాడు. చెప్పిన ప్రతిసారీ కోతికి ఒక కొత్త చేష్ట తగిలించాను.

ఆ ఆల్బమ్‌ను మళ్లీ ఎల్పీగా వేశారని ఈ మధ్య తెలిసి తెప్పించాను. నిజం చెప్పి చేతిలో పెడదామనే ఎర్రగుంట్ల పోయాను. గడప దాటగానే నోరు తన పని తాను చేసింది.

"కోతి తిరిగిచ్చినాదప్పా. ముసల్దైపాయ, చెవులు వినపడవంట."

"అట్టకు కొత్త కాగితం కూడా చుట్టిచ్చినాదే," అని నవ్వుతూ అతను పాత ప్లేయర్ తుడిచి రికార్డు పెట్టాడు.

మూడో పాట సగంలో అతని వేలు సూది దగ్గరికి పోయి గాల్లో ఆగింది. పాట సాఫీగా సాగిపోయింది.

"ఈడ సూది ఎనక్కి ఎగరాల," అన్నాడు. "జరంలో మా యన్న చెయ్యి వణికి గీత పడినాది. వేలితో తోస్తే గానీ ముందుకు పోతాండ్లేదు."

ఆ గీత ఎవరిదో నాకు ఆ రోజే తెలిసింది. అప్పుడు చెప్పాను, బండల సంగతంతా. అతను సూది ఎత్తి పక్కన పెట్టాడు.

"ఇన్నేండ్లూ స్టేషన్కు పోతే రేకుల మీదికి చూస్తాంటినప్పా," అన్నాడు. "ఆ చెడిపోయిందన్నా దాచిపెట్టినావా? పాట రాకుంటే పాయ. తడిమి చూసుకుంటా."

అతని కంట పడుతుందని భయపడి, అప్పట్లో బండ ఎత్తిన సాయంత్రమే దాన్ని కర్నూల్లో కేసీ కాలువలో పారేశాను. అది చెప్పడానికి నా దగ్గర ఏ కోతీ లేదు.