కళ్లు మూసుకున్న పంతొమ్మిది సెకన్లు

మా అక్క ప్రేమలత నన్ను వరంగల్ పంపింది ఒకే ఒక్క సంగతి కళ్లారా చూసి రమ్మని. అది తప్ప మిగతావన్నీ చూసి వచ్చాను.

అక్క కొడుకు దాసు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆడతాడు. గుద్దడం, తన్నడం, పట్టి పడెయ్యడం, అన్నీ ఒకే ఆటలో ఉంటాయి. చుట్టూ ఇనుప జాలీ కట్టి, ఇద్దరిని లోపలికి పంపి తలుపు వేస్తారు. ఆరేళ్లు నేర్చుకుని పోయిన వానాకాలం రాష్ట్ర ఛాంపియన్‌షిప్ ఫైనల్‌కు వచ్చాడు. ఆట శనివారం. గెలిచినా ఓడినా సోమవారం బెంగళూరు శిక్షణ శిబిరానికి బయలుదేరాలి. అయితే మా ఇంట్లో తల్లి నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థించకుండా ఎవరూ దూరప్రయాణం కట్టరు. అక్క ఆ చెయ్యి పెట్టనని కూర్చుంది.

"గెల్వనీ, ఓడనీ, నాకేం ఫికర్ లేదు," అంది. "కింద పడ్డోని మీదెక్కి కొట్టుడు ఫోన్ల చూసిన. ముప్పై ఏండ్లు దవాఖానల నర్సుగ చేసిన్రా తమ్మీ, గసొంటి మూతులకు ఎన్ని కుట్లేసిన్నో. నా కొడుకు గూడ గట్ల కొడితే నా చెయ్యి వాని నెత్తిమీదికి లేవది. నువ్వు పో, నీ కండ్లతోని చూడు. నువ్వు అబద్ధమాడవు. నువ్వేది చెప్తే గదే."

ఇరవై ఆరేళ్లుగా సండే స్కూల్లో పిల్లలకు అబద్ధ సాక్ష్యం పలకకూడదని నేర్పిస్తున్నవాణ్ణి. ఈ పనికి నాకంటే తగినవాడు మా ఊరు నెక్కొండలో లేడని నాకూ అనిపించింది. గర్వం ముందు వస్తే పతనం వెనకాలే వస్తుందని కూడా ఆ పిల్లలకే నేర్పిస్తుంటాను.

మేం ఐదుగురం బయలుదేరాం. మా సంఘ కాపరి సామ్యూల్ అయ్యగారు, కుట్టుమిషను నడిపే రూతమ్మ, యౌవనస్థుల సమాజం నుంచి ఇద్దరు కుర్రవాళ్లు, నేను. ఏడూ నలభైకి రావలసిన బండి ఎనిమిదీ పదికి వచ్చింది. ఈ దారిన పొద్దున వెళ్లేవారు ఎడమవైపు కూర్చోవడం మంచిది, ఎండ తగలదు. మాకు కుడివైపే దొరికింది.

బండి కదలగానే అయ్యగారు జేబులోంచి కాగితం తీశారు. మా సంఘంలో ఎవరికి ఆపరేషనైనా, పరీక్షలైనా గొలుసు ప్రార్థన పెట్టుకోవడం అలవాటు. ఒకరి వంతు అయిపోగానే ఇంకొకరు అందుకుంటారు, మధ్యలో గొలుసు తెగకూడదు. ఫైనల్ ఐదు రౌండ్లు, రౌండుకు ఐదు నిమిషాలు. మేమూ ఐదుగురమే. ఇది దేవుని ఏర్పాటు అన్నారు అయ్యగారు. మొదటి రౌండు మేనమామనని నాకిచ్చారు. రెండోది రూతమ్మకు, మూడూ నాలుగూ కుర్రవాళ్లకు. చివరిది తానే పెట్టుకున్నారు.

మొదటిదే నాది కావడంతో అడిగాను. "అయ్యగారూ, అక్క నన్ను చూడమన్నది. కండ్లు తెరిచి ప్రార్థన చెయ్యొచ్చునా?"

"ప్రభువు ఆకాశం దిక్కు కండ్లెత్తి ప్రార్థన చేసిండు గద. మెలకువగ ఉండి ప్రార్థించుమని గూడ చెప్పిండు. మంచిగ తెరుచుకో," అన్నారు.

ఎదుటి సీట్లో కూరగాయల గంప పెట్టుకున్న పెద్దామె మా కాగితం చూసి జాలిపడింది. "ఎవలికి బిడ్డా, పానం బాగలేదు?"

"మావోని పానం బాగనే ఉన్నది పెద్దమ్మా," అంది రూతమ్మ. "ఇంకొకని పానం తీయనీకి పోతాండు. గందుకే ప్రార్థన."

పెద్దామె గంపను ఇంకాస్త తన వైపు లాక్కుంది.

తొమ్మిదికి వరంగల్‌లో దిగాం. స్టేషన్ బయట ఇడ్లీ తిని, చాయి తాగి ఆటో మాట్లాడుకున్నాం. ఆటో నడిపేది యాకూబ్ భాయ్ అనే గడ్డం పెద్దాయన. తెల్లబట్టల్లో ఉన్న అయ్యగారిని, ఆయన చంకలోని పుస్తకాన్ని అద్దంలో చూస్తూనే మట్టెవాడ దాకా తెచ్చాడు.

"కొట్లాటకు పోతున్నరా సార్, ఆపనీకి పోతున్నరా?" అనడిగాడు.

"ప్రార్థన చెయ్యనీకి," అన్నారు అయ్యగారు.

"ఎవరి దిక్కు?"

అయ్యగారు ఆ ప్రశ్నకు ఆట జరిగే హాలు వచ్చేదాకా జవాబు వెతుకుతూనే ఉన్నారు.

ఆట జరిగింది ఒక ఫంక్షన్ హాల్లో. ముందు రోజు అక్కడ పెళ్లయినట్టుంది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు పేర్లు బంతిపూలతో వేదిక వెనక అలాగే ఉన్నాయి. వాటి కింద జాలీ పంజరం నిలబెట్టారు. చూడవచ్చినవాళ్లలో కొందరు అలవాటుగా వంటలు ఎటువైపని అడుగుతున్నారు.

దాసుది అందరికన్నా బరువైన వర్గం. బరువు నూటా ఇరవై కిలోలు మించకూడదు. ఆ వర్గంలో ఆడేవాళ్లు మొత్తం రాష్ట్రంలో నలుగురో ఐదుగురో ఉంటారట. ఫైనల్‌లో ఎదురు పడవలసినవాడు జ్వరంతో రాలేదు. వాడి బదులు దొరికినవాడిని పంజరంలోకి పిలిచారు. "కేసముద్రం కొండా..." అని మైకువాడు సాగదీసి అరిచాడు.

నిజంగా కొండే. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ, పేరు కొమురయ్య. పంజరం తలుపులోంచి తల వంచుకుని, ఆపైన పక్కకు తిరిగి లోపలికి వచ్చాడు. మా దాసు నూటా ఎనిమిది కిలోలు. వాడి ముందు మా దాసు ఉపవాసం నుంచి లేచినవాడిలా కనిపించాడు.

అయ్యగారు కాగితం మళ్లీ విప్పి చూసుకున్నారు. "అయ్యగారూ, రౌండుకొకలు సరిపోరు, ఇద్దరిద్దరిని పెట్టుండ్రి," అంది రూతమ్మ.

పన్నెండూ ఇరవైకి గంట కొట్టారు. నేను లేచి నిలబడ్డాను. కళ్లు ఎంత పెద్దగా తెరవగలనో అంత తెరిచాను. చేతులు జోడించి "ప్రేమగల తండ్రీ" అన్నాను. యాభై ఏళ్ల అలవాటు కదా. ఆ మాట నోట్లోంచి రాగానే రెప్పలు వాటంతటవే పడిపోయాయి.

పడ్డ సంగతి నాకు తెలియలేదు. నా ప్రార్థన ఎప్పుడూ సృష్టి దగ్గర మొదలవుతుంది. వెలుగు కలిగింది, ఆకాశం కలిగింది, ఆరిన నేల కనబడింది. ఇంకా చెట్లు మొలవలేదు, హాలంతా ఒక్కసారి గోలపెట్టింది. గొలుసు తెగకూడదని ఇంకా గట్టిగా కళ్లు మూసుకున్నాను. జలప్రళయం దాకా వెళ్లాను. నీళ్లు తీసేలోపల ఎవరో వీపులో పొడిచారు.

"అయిపోయింది, కూసో," అంది రూతమ్మ.

"నా రౌండా?"

"అందరి రౌండ్లూ."

కళ్లు తెరిస్తే రెఫరీ దాసు చెయ్యి పైకెత్తి పట్టుకున్నాడు. కొమురయ్య స్టూలు మీద కూర్చుని దవడకు ఐసు పెట్టుకున్నాడు. మొత్తం పంతొమ్మిది సెకన్లు పట్టిందట. కొండంత మనిషే కానీ బస్తాలు ఎత్తడం తప్ప ఆట రాదు. రెండు నెలలే నేర్చుకున్నాడు. మేం భయపడ్డ దానికి తలకిందులుగా, ఎక్కువ బలం మావాడి పక్షానే ఉంది.

"పడ్డంక కొట్టిండా?" అని రూతమ్మను అడిగాను.

"నాకేమెరుక? నాది రెండో రౌండు గద అని సంచిల అద్దాలు దేవులాడుతున్న."

కుర్రవాళ్లిద్దరూ సమోసాలతో అప్పుడే లోపలికి వచ్చారు. వాళ్లవి మూడూ నాలుగూ రౌండ్లు. ఇంకా పావుగంట ఉందని లెక్కేసుకున్నారు. మిగిలింది అయ్యగారు. ఆయన ఫోన్లో సంఘం గ్రూపుకంతటికీ ఆటను లైవ్ చూపించారు, రికార్డు మాత్రం చెయ్యలేదు. అయితే ఏ కెమెరా నొక్కారో ఏమో, నెక్కొండలో అందరికీ కనిపించింది ఆయన ముఖమే. అక్క నాకు అప్పుడే ఫోన్ చేసింది. "అయ్యగారు నవ్వినంక మావోడు గెలిచిండని తెలిసింది. గని నవ్వకముందు ఒక్కసారి 'అబ్బా' అని కండ్లు మూసుకున్నడు. ఏం చూసిండు? నేను స్టేషన్లనే ఉంట, దిగంగనే చెప్పాలె," అని పెట్టేసింది.

ఏం చూశారని అయ్యగారిని అడిగాను. "దాసు కొట్టనీకి చెయ్యి లేపుడు చూసిన," అన్నారు, కాస్త సిగ్గుపడుతూ. "దించుడు చూడలే."

పక్క కుర్చీ ఆయన ఒకే దెబ్బ అన్నాడు. వెనకాయన ఏడు అన్నాడు, తన చేత్తో గాలిలో కొట్టి మరీ లెక్కపెట్టాడు. నిర్వాహకులు వీడియో మంగళవారం పెడతామన్నారు.

మా దాసునే అడిగాను. పతకం ఇంకా మెడలో ఊగుతోంది.

"నాకే మంచిగ యాదికి లేదు మామా. కాలేసి పడగొట్టిన. మీదికి పోయిన. తర్వాత రెఫరీ గుంజిందే యాదికున్నది." మళ్లీ, "కొట్టలేదని మాత్రం చెప్పకు మామా. అమ్మకు ఉన్నదే చెప్పు," అన్నాడు. వాడు పెద్దపెద్ద చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటున్నాడు.

ఉన్నదేదో తెలిస్తే కదా చెప్పడానికి.

నాలుగున్నర బండికి అయ్యగారు, రూతమ్మ, నేను ఎక్కాం. కుర్రవాళ్లు దాసు దగ్గరే ఆగిపోయారు. అయ్యగారు తాను తయారుచేసుకున్న ఐదో రౌండు ప్రార్థన వృథా పోనివ్వలేక, చింతలపల్లి వచ్చేలోపల ఐదు నిమిషాలూ చేసేశారు. ఆమెన్ అన్నాక చూస్తే ఎదుటి సీటు నిండిపోయి ఉంది. రెండు సీట్లలో ఒక్క మనిషే కూర్చున్నాడు. దవడకు తువ్వాల కట్టుకున్నాడు. కేసముద్రం వెళ్లే బండి ఇదే కదా మరి.

"వందనాలు," అన్నాను, ఇంకేమనాలో తోచక.

"మీరు ఆ పిలగాని మామ గద సార్," అన్నాడు కొమురయ్య. "నేను పడ్డప్పుడు మీరొక్కలే కండ్లు మూసుకొని నిలబడ్డరు. నా కోసం మొక్కుతున్నరేమో అనుకున్న."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. రూతమ్మ నన్ను చూసి, సంచిలోంచి క్యారియర్ తీసింది. "ఏమన్న తిన్నవా బిడ్డా?"

"నిన్న పొద్దుగాల్ల సంది తినలేదమ్మా. కిలో ఎక్కువున్న, తినకుండ దింపుమన్నరు. ఇయ్యాల తిందామంటే దవడ పట్టేసింది."

రూతమ్మ మా ఐదుగురికని తెచ్చి, హడావిడిలో విప్పని అన్నంలో పప్పుచారు పోసి మెత్తగా పిసికి ఇచ్చింది. అతను మెల్లగా, శ్రద్ధగా తిన్నాడు. ఎలుగూరు దాటేసరికి క్యారియర్ అడుగు కనిపించింది. అప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"జర నిజం చెప్పు తమ్మీ. నువ్వు కింద పడ్డంక మావోడు కొట్టిండా?"

"ఒకటి కొట్టిండు సార్." తువ్వాల ముట్టుకుని చూపించాడు. "గిదే. రెండోదానికి చెయ్యి లేపిండు. నేను ఊకున్న, ఏం చెయ్యాల్నో నాకు తెల్వదు. చెయ్యి గట్లనే ఆపి, 'అన్నా, నేల మీద తట్టు, తడితే అయిపోతది' అన్నడు. రెండు నెలల్ల గుద్దుడు నేర్పిండ్రు గని, తట్టుడు ఎవలు నేర్పలే. తట్టిన. అయిపోయింది."

ఒకటి కొట్టాడు. అక్క షరతులో ఒకటికి మినహాయింపు లేదు. మిగతా దారంతా నేను కిటికీలోంచి మిరపచేలు చూస్తూ కూర్చున్నాను.

ఐదూ ఇరవైకి నెక్కొండ. వెనక ఎక్స్‌ప్రెస్ ఉందని మా బండిని పక్క లైన్లో ఆపారు. అక్క ప్లాట్‌ఫారం మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పు," అంది.

"అక్కా, నేను చూడలే. ప్రార్థన చేస్తుంటే కండ్లు మూసుకుపోయినయ్."

"చిన్నప్పటి సంది నీకు గదొక్కటే పని," అంది. "పంపిన నాది బుద్ధి తక్కువ."

"గని ఒకటి కొట్టిండు. పడ్డంకనే. దెబ్బ తిన్నాయనే చెప్పిండు, గా కిటికీల ఉన్నడు."

అక్క ముఖం గట్టిపడింది. కిటికీ దగ్గరికి నడిచింది. కమ్మీల అవతల కొమురయ్య ఒదిగి కూర్చోవాలని చూశాడు, కుదరలేదు. ఆమె లోపలికి చెయ్యి పెట్టి తువ్వాల విప్పింది. దవడ ఎముక వెంట వేళ్లతో నొక్కుతూ చెవి దాకా వెళ్లింది.

"నోరు తెరువు. ఇంకా. మూయి. విరగలే, వాచింది. నాలుగు రోజులు గట్టియి తినకు." తువ్వాల మళ్లీ కట్టింది. తనకు పూర్తిగా తెలిసిన పని కావడం వల్ల ఆమె గొంతు కొంచెం మెత్తబడింది. "రెండోది ఎందుకు కొట్టలే?"

"ఆపిండమ్మా. తట్టుమని నాకు చెప్పిండు."

"నువ్వైతే ఆపెటోనివా?"

కొమురయ్య నిజాయితీగా ఆలోచించాడు. "ఏమోనమ్మా, నాకు ఛాన్సే దొరకలే."

అక్క నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయింది. తరువాత కళ్లు తుడుచుకుని దాసుకు ఫోన్ చేసింది. "రేపు చర్చి అయినంక కేసముద్రం పో. ఈయన ఇంట్ల, ఈయన ముందల కూసొని, తప్పైందని చెప్పి అన్నం తిను. తిని వచ్చినంకనే నా చెయ్యి నీ నెత్తిమీద." అవతలి మాట వినకుండానే పెట్టేసింది.

సహోదరునితో సమాధానపడ్డాకే బలిపీఠం దగ్గరికి రమ్మన్న వాక్యాన్ని నేను ఎన్ని ఆదివారాలు పాఠం చెప్పానో లెక్కలేదు. అక్క దాన్ని పప్పన్నంతో కలిపి ఒక్క ఫోన్లో ముగించింది.

"మా ఇంటికా?" అన్నాడు కొమురయ్య, పంజరంలో కూడా పడనంత భయంతో. "ఆయన ఎంత తింటడమ్మా?"

"నీ అంత."

ఎక్స్‌ప్రెస్ దడదడా దాటిపోయింది. మా బండి కదిలింది. కొమురయ్య అప్పటికే ఇంటికి ఫోన్ కలిపి అరుస్తున్నాడు. "రేపు నా అసొంటోడు ఇంకొకడు వస్తాండు! అన్నం వండే పెద్ద గంజు దించు!"

మేం నలుగురం గేటు దాటి ఊళ్లోకి నడిచాం. ఆ దారిన వెళ్లేవారికి రైలు గురించి, ఆటో గురించి, ఇడ్లీల గురించి నేను నమ్మకంగా చెప్పగలను. ఆట గురించి మాత్రం దెబ్బ తిన్నవాడు చెప్పిందే నాకు తెలుసు. ఆ రోజు వరంగల్‌లో జరిగినదానికి ఏ తప్పూ లేకుండా సాక్ష్యం చెప్పినవాడు అతనొక్కడే.

అక్క నాకంటే ముందు నడుస్తోంది. "ఒకటి కొట్టిండు," అంది ఒకసారి, కోపంగానే. ఇల్లు దగ్గర పడ్డాక, ఎవరితోనో కాదు, తనలో తానే అంది: "రెండోది ఆపిండు."