హన్నా తరవాత హన్నా

మిల్టన్ కీన్స్‌లో మా ఇంటి దగ్గరి సూపర్‌మార్కెట్లోకి నవంబరు రాగానే పార్కిన్ వస్తుంది, అల్లమూ నల్లటి బెల్లంపాకమూ కలిపి చేసే ఉత్తర ఇంగ్లండు కేకు. పెట్టె మూత తీస్తే చాలు, నాన్న హాస్పిటల్ ఉద్యోగానికని మేమున్న లాంకషైర్ మిల్లుల ఊరూ, వానకి నల్లబడ్డ రాతి ఇళ్లూ, పక్కింటి డోరతీ ఆంటీ వంటిల్లూ అన్నీ ముక్కుకి తగులుతాయి. ఆంటీ చేసిన పార్కిన్ ముందు ఇది మట్టిగడ్డ. ఈ విషయంలో నాతో ఎవరూ వాదించకండి.

డోరతీ ఆంటీ రిటైరైన టీచరు. తన పూర్వీకులెవరో వెతుక్కోవడమే ఆమెకి లోకం. నాన్నకి శనివారం డ్యూటీ పడిందంటే అమ్మనీ నన్నూ తన బుల్లి కారులో ఎక్కించుకునేది. అమ్మ పులిహోర డబ్బా, ఆంటీ గుడ్డు సాండ్‌విచ్‌లు, ఫ్లాస్కులో టీ. చర్చి ఆవరణలో తడి ఆకులు తొక్కుకుంటూ, సమాధిరాళ్ల నాచుని ఆవిడ మెత్తటి బ్రష్షుతో పసిపిల్లకి ఒళ్లు రుద్దినట్టు రుద్దుతుంటే, నేను పక్క బాటమీద తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని. వాన వస్తే లైబ్రరీకి. అక్కడ పాత చర్చి రిజిస్టర్ల ఫిల్మ్ చుట్టలు చూపించే మెషీన్ ఉండేది, దాని పిడి తిప్పడం నా పని. అంత ఓపిక గల మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆంటీని పెంచింది నాయనమ్మ హన్నా. చిన్నప్పుడే మిల్లు పనికొచ్చిన ఆవిడ తన పుట్టింటి ఊసు ఎన్నడూ ఎత్తలేదట. ఆవిడ ఎవరి బిడ్డో తెలుసుకోవాలని ఆంటీ తపన. ఒక శనివారం దొరికింది: నాయనమ్మ పెళ్లి రిజిస్టర్లో ఉన్న తండ్రి పేరుతోనే, అదే పల్లెలో బాప్టిజం పొందిన హన్నా. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆ పిల్ల ఏడాది నిండకుండానే పోయినట్టు ఖననాల రిజిస్టర్లో ఉంది. ఆంటీ కళ్లజోడు తీసేసి ఏడ్చింది. పెద్దవాళ్లు ఏడుస్తారని నాకు అప్పుడే తెలిసింది.

ఏం జరిగిందో నన్నడిగి తెలుసుకుని అమ్మ నెమ్మదిగా అంది: "ఆ పిల్ల పోయాక మళ్లీ ఎవరన్నా పుట్టారేమో చూడమనవే. పిల్లలు నిలవకపోతే పేర్ల దగ్గర ఏవేవో చేస్తారు. మా నాయనమ్మకి ముందు ఇద్దరు పోయారని, ఆవిణ్ణి ఎంగిలి విస్తళ్ల మీద పడుకోబెట్టి పుల్లమ్మని పేరు పెట్టారు."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ బాప్టిజాల ఫిల్మ్ చుట్ట మళ్లీ ఎక్కించింది, నేను పిడి తిప్పాను. కాస్త ముందుకెళ్లేసరికి అదే తల్లి, అదే తండ్రి, ఇంకో హన్నా. పోయిన బిడ్డ పేరు తరవాతి బిడ్డకి పెట్టడం ఆ కాలంలో అక్కడా మామూలేనని లైబ్రరీ ఆవిడ చెప్పింది. ఆంటీ అమ్మని వాటేసుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ మరుసటి వారం ముగ్గురం ఆ పల్లెకి వెళ్లాం. చర్చి ఆవరణలో పసి హన్నాకి సమాధిరాయి లేదు. ఆంటీ గోడవారన ఒక చామంతి పెట్టి, పుల్లమ్మకి ముందు పోయిన ఇద్దరి పేర్లేమిటని అడిగింది.

"తెలీదు. ఆ పేర్లు ఎత్తనిచ్చేవాళ్లు కారు," అంది అమ్మ.

ఆంటీ ఇంకో రెండు చామంతులు పక్కన పెట్టింది.

ఇప్పుడు రిజిస్టర్లన్నీ ఫోన్లోకొచ్చేశాయి. పిడి తిప్పే మెషీన్ లేదు, అమ్మ లేదు, ఆంటీ కూడా లేదు. మొన్న మా అమ్మాయి స్కూలు పనికని వంశవృక్షం అడిగితే పుల్లమ్మ దాకా చెప్పి ఆగిపోయాను. డోరతీ ఆంటీ వంశమైతే హన్నా తల్లిదండ్రుల నుంచీ గడగడా చెప్పేయగలను. ఆంటీకి పిల్లల్లేరు. ఆ పేర్లు వరసగా తెలిసినవాళ్లు నేను తప్ప ఎవరూ మిగల్లేదు.