జూజా పట్నం చూసిన పొద్దు

మా ఊరు బిర్గులో రేవు మెట్ల దగ్గర చెన్సు పడవ తెలియనివాళ్ళు లేరు. ఎరుపూ ఆకుపచ్చా రంగులు, ముందూ వెనకా పైకి లేచిన రెండు కొమ్ములు. నలభై మూడేళ్ళుగా అందులో నిలబడి తెడ్లు నెడుతూ, ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళని అవతలి ఒడ్డున వాలెట్టాకి దాటిస్తున్నాడు. మేం దాన్ని వాలెట్టా అనం, పట్నం అంటాం. ఇవాళ పన్నెండింటికి ఆ పడవ అమ్ముడైపోతుంది.

అమ్మిస్తున్నది ఆయన భార్య జూజా. మొగుడికి డెబ్భై రెండు దాటాయి, ఇంట్లో పదకొండు మెట్లెక్కడానికి మూడు చోట్ల ఆగుతాడు. "నీళ్ళలో పడి చస్తే నేనెవరితో పోట్లాడాలి?" అని ఏడాదిపాటు పోరింది. చివరికి రెనాల్డ్ అనే హోటలతన్ని తనే ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, మాట ఖాయం చేసింది. చెన్సు తలూపాడు. ఇంట్లో ఆయన దేనికైనా తలూపడమే. నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుంటాడు.

పదిన్నరకి ఆయన ఆఖరిసారి పడవ తుడుస్తున్నాడు. మంచు విడీవిడనట్టుంది, అవతల పట్నం ఇంకా నిద్రలోనే ఉన్నట్టుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే తలెత్తాడు. జూజా. ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌను, చేతిసంచి, ఎండటోపీ.

"రొట్టె తెచ్చావా?" అన్నాడు. రోజూ టమాటా రుద్దిన రొట్టె ఆ మెట్ల మీదే ఇచ్చి వెళ్తుంది.

"తేలేదు. పట్నం చూడ్డానికొచ్చాను. మనిషికి ఎంత?"

చెన్సు చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది. పెళ్ళయ్యాక ఆవిడ ఆ పడవలో ఒక్కసారీ కూర్చోలేదు. సీజన్లో చోటుండదు, సీజన్ అయ్యాక పనుండదు. పట్నంలో పనుంటే బస్సెక్కి రేవంతా చుట్టి వెళ్ళేది. మా పడవవాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళందరికీ ఇదే రివాజు. మిఠాయి కొట్టువాడి పిల్లలకి మిఠాయి మీద ఆశుండదని సర్దిచెప్పుకుంటాం. అది పచ్చి అబద్ధమని జూజాని అడిగితే చెప్పేది. ఎవరడిగారు?

"డబ్బులేంటే, కూర్చో."

"ఊరికే వద్దు. వాళ్ళకెలా చూపిస్తావో నాకూ అలాగే చూపించాలి. నీ అబద్ధాలతో సహా." నాణెం ఆయన అరచేతిలో పెట్టి ఎక్కింది.

పడవ కదులుతుంటే ఆవిడ అలవాటుగా చర్చి వైపు చూసి సిలువ వేసుకుంది. మా చర్చికి రెండు గడియారాలు. కుడివైపుది నిజం గడియారం. ఎడమవైపుది గోడ మీద రంగులతో గీసింది, ఎప్పుడు చూసినా పదకొండుంబావే. ప్రాణాలు పట్టుకుపోవడానికి సైతాను వస్తే వేళ తెలియక తికమకపడాలని ముత్తాతలు గీయించారు.

రేవు మధ్యకి వచ్చేసరికి మంచు పల్చబడింది. తేనెరంగు గోడలు నీళ్ళలోంచి మెల్లగా పైకొస్తున్నాయి. జూజా పుట్టింది ఆ పట్నంలోనే. అయినా నీళ్ళ మీంచి చూస్తే అది తనెరగని ఊరులా, ఎప్పుడో కలలో తిరిగిన ఊరులా ఉంది.

"అమ్మగారూ, ఎడంపక్కకి చూడండి," అన్నాడు చెన్సు. ఆ గొంతు ఆవిడెప్పుడూ వినలేదు. నిండుగా, తాపీగా, కులాసాగా ఉంది. "ఆ ఆకుపచ్చ చెక్క బాల్కనీ కనిపిస్తోందా? అందులో ఒక పిల్ల రోజూ పొద్దున్నే దుప్పటి దులిపేది. దాన్ని చూడ్డానికి ఒక పడవ కుర్రాడు పనున్నా లేకపోయినా ఇటే వచ్చేవాడు. ఒకనాడు గాలికి దుప్పటి ఎగిరొచ్చి వాడి పడవలో పడింది."

అది జూజా పుట్టిల్లు. ఆ దుప్పటి ఇప్పటికీ ఇంట్లో పెట్టెలో ఉంది.

"ఈ కథ అందరికీ చెప్తావా?"

"రోజూ. ఇదొక్కటే నిజం. మిగతావన్నీ కోతలు."

"ఊరూ పేరూ తెలియని వాళ్ళందరికీ చెప్పి నాకొక్కదానికే చెప్పలేదన్నమాట."

"నీకు తెలిసిందేగా."

"నీకు గుర్తుందని నాకేం తెలుసు?" అంది. ఆవిడకి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. టోపీ కిందికి లాక్కుంది. కాసేపటికి ఆయన కాళ్ళ కేసి చూసింది. పడవ ఊగుతోంది గానీ ఆ మోకాళ్ళు వణకడం లేదు.

"ఇకనుంచి దీన్ని ఎవరు నడుపుతారు?"

"ఎవరూ నడపరు. హోటల్ హాల్లో పెడతాడట. లోపల పూలకుండీలు."

"నాకు చెప్పలేదే."

"నువ్వు మాటిచ్చేశావుగా."

అప్పుడు పట్నం బురుజు మీద, రోజూ వేళ చెప్పే పన్నెండింటి ఫిరంగి పేలింది. తెల్లటి పొగ తీరిగ్గా నీళ్ళ మీదికి దిగింది. చెన్సు పడవని బిర్గు వైపు తిప్పాడు.

రెనాల్డ్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు, వెనక లారీ. "పిన్నీ, పన్నెండు దాటి ఇరవై నిమిషాలైంది," అన్నాడు.

జూజా దిగలేదు. చెయ్యెత్తి చర్చి ఎడమవైపు గడియారం చూపించింది. "ఎక్కడయిందయ్యా? పదకొండుంబావేగా."

రెనాల్డ్ కూడా మా ఊరివాడే. గడియారం కేసి చూశాడు, ఆవిడ కేసి చూశాడు. "అంటే నేను సైతాన్నా పిన్నీ?"

"నువ్వు బంగారంలాంటి పిల్లాడివి. నీ పూలకుండీలకి ఇంకేదైనా చూసుకో నాయనా. మాట తప్పింది నేను, ఆయన కాదు. ఎవరడిగినా అలాగే చెప్పు."

అతను మొహం ముడుచుకుని లారీ ఎక్కాడు. లారీ మలుపు తిరిగేదాకా చెన్సు అటే చూశాడు. తర్వాత ఆవిడకి చెయ్యి అందించి, "దిగు, ఆకలేస్తోంది," అన్నాడు.

"దిగను. డబ్బులిచ్చాను, కథ సగంలో ఆపావు. ఆ పిల్లని పెళ్ళాడి బిర్గు తెచ్చాడు కదా ఆ కుర్రాడు. తర్వాత ఏం చేశాడు?"

చెన్సు అందించిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నలభై మూడేళ్ళు బస్సులో తిప్పాడు," అన్నాడు, తెడ్లు మళ్ళీ అందుకుంటూ.