నాలుగు, మైనస్ ఏడు

మా పెద్దమ్మ ముప్పై రెండేళ్లు సర్వే కార్యాలయంలో మ్యాపులు గీసింది. పెళ్లి చేసుకోలేదు. మా ఇంట్లోనే, వీధి వైపు గదిలో ఉంటుంది. కూరగాయలు తరిగినా ముక్కలన్నీ ఒకే కొలతలో వస్తాయి.

ఆమెకు కోరికంటూ ఒక్కటే. తన తోబుట్టువులు ముగ్గురూ, అంటే పెద్దమామయ్య, మా అమ్మ, చిన్నమామయ్య, ఒక్కసారి పక్కపక్కన కూర్చుంటే చూడాలి. ముగ్గురూ ఉండేది ఒకే ఊళ్లో. అమ్మమ్మ పోయాక ఎవరు ముందు ఎవరి గడప తొక్కాలన్న పంతంతోనే ఆరేళ్లు గడిచిపోయాయి. పెద్దమ్మ మాత్రం మూడిళ్ల మధ్యా తిరుగుతూ, ఒకరి కబుర్లు ఇంకొకరికి అడక్కుండానే చెబుతుంది. వాళ్లు విననట్టు నటిస్తూ ఒక్క మాటా వదలకుండా వింటారు.

ఒక ఆదివారం ఆమె గ్రాఫు కాగితం పరిచింది. గడికి ఒక కిలోమీటరు. మా ఇల్లు మూలబిందువు. పెద్దమామయ్య ఇల్లు ఎనిమిది, సున్నా. చిన్నమామయ్య ఇల్లు మూడు, ఒకటి. మూడింటికీ సమాన దూరంలో ఉండే బిందువు, అదే పరివృత్త కేంద్రం, కనుక్కుంటే ఎవరూ ఎవరింటికీ వెళ్లినట్టు కాదు. మొదటి రెండిళ్లకూ సమానమంటే x విలువ నాలుగు. మా ఇంటికీ చిన్నమామయ్య ఇంటికీ సమానమంటే మూడు xకి y కలిపితే అయిదు. కాబట్టి y మైనస్ ఏడు.

బిందువు త్రిభుజం బయట, ఊరు దాటి పడింది. దూరం ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరం పోయే బదులు ఒకరింటికొకరు వెళ్లడమే దగ్గర కదా అని నసిగాను.

“వాళ్లకి కావాల్సింది దగ్గర కాదే, సమానం,” అంది పెద్దమ్మ, పెన్సిలు కింద పెట్టకుండానే.

అక్కడ లారీలు తూచే కాటా, దాని పక్కన ఒక టీ బడ్డీ ఉన్నాయి. ముగ్గురినీ ఒప్పించడానికి ఆమెకు నెల పట్టింది. అనుకున్న రోజు పొద్దున్నే పెద్దమ్మ, అమ్మ, నేను ఆటోలో వెళ్లాం. చిన్నమామయ్య అప్పటికే బల్ల మీద ఆ చివర కూర్చుని ఉన్నాడు. అమ్మ ఈ చివర కూర్చుంది. మధ్యలో ఒక మనిషికి చోటు మిగిలింది. పెద్దమ్మ ఆ ఖాళీనే చూస్తూ నిలబడింది.

పెద్దమామయ్య రాలేదు. ఫోన్ వచ్చింది.

“అక్కా, స్కూటర్ మీటర్లో ఎనిమిదిన్నర దాటింది. నా వంతు అయిపోయింది. మలుపులో ఉన్నా.”

పెద్దమ్మ గీతలు తిన్నగా గీసింది. రోడ్డు వంకర తిరిగి వచ్చింది. అన్నయ్య పట్టు ముందు ఉడుము కూడా దిగదుడుపే అన్నాడు చిన్నమామయ్య. అమ్మకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఆరేళ్లలో చిన్నమామయ్య మాటకు అమ్మ నవ్వబోవడం అదే మొదలు.

మలుపు అర కిలోమీటరు దూరంలో ఉంటుంది. స్కూటర్ పక్కన పెద్దమామయ్య నిలబడి ఉండటం ఇక్కడికి చిన్నగా కనిపిస్తోంది. వెనక్కి తిప్పలేదు, ముందుకూ రాలేదు. పెద్దమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టి నడవడం మొదలుపెట్టింది. “ఎండలో ఎక్కడికక్కా,” అంది అమ్మ.

సగం దారిలో ఆగింది. అటు పెద్దమామయ్యను చూసింది. తల తిప్పి ఇటు వీళ్లిద్దరినీ చూసింది. ఎవరినీ పిలవలేదు. అమ్మ చెప్పుల్లో కాళ్లు దూర్చింది కానీ, ఇంకా లేవలేదు.