వేగం కొలవబోయి

ఈ మధ్య రోజూ ఎనిమిదిన్నరకల్లా ఇబ్రహీంపట్నం దాటాక రోడ్డు పక్కన నిలబడి ఉంటున్నాను. జీతం లేదు, క్యాజువల్ లీవులు లేవు. ఈ ఉద్యోగం నేను అడిగింది కాదు, నా అతితెలివి ఇప్పించింది. టీ చల్లారేలోపు చెప్పేస్తాను, వినండి.

రోడ్డు భద్రత కోసం మేం పదిమంది కలిసి ఒక చిన్న సంస్థ నడుపుతున్నాం. ఇలాంటివి చాలా దేశాల్లో ఉన్నాయి. అన్నిటికీ కలిపి పైన ఒక సమాఖ్య. ఏటా ఒక వారం అందరం ఒకటే పని చేస్తాం: ఒక్కొక్కరు ఒక బడిని ఎంచుకుని, దాని ముందు వెళ్లే వంద బండ్ల వేగం కొలిచి పంపాలి. కెన్యా వాళ్లదీ అదే ఫారం, మనదీ అదే ఫారం. నాకైతే భలే కుతూహలం కలిగింది. అక్కడి లారీ జోరెక్కువా, మన లారీ జోరెక్కువా? తెలుసుకోవాలనిపించదూ?

మావారికి గవర్నర్‌పేటలో స్పేర్ పార్టుల షాపు. "నువ్వు అందర్నీ నెమ్మదిగా పొమ్మంటే నా బ్రేక్ షూలు ఎవరు కొంటారే?" అన్నారు.

"నెమ్మదిగా పోవాలన్నా బ్రేకులే కదండీ కావాల్సింది" అన్నాను. ఆయన పేపర్ తిరగేసుకున్నారు.

నేను ఎంచుకున్నది మైలవరం వెళ్లే దారిలో ఒక హైస్కూలు. బడి రోడ్డుకి ఇటు, ఊరు అటు. మధ్యలోంచి థర్మల్ స్టేషన్ బూడిద మోసే లారీలు. పిల్లలు చేతులు పట్టుకుని ఒక్కసారిగా పరిగెత్తడమే అక్కడ రోడ్డు దాటడం. హెడ్‌మిస్ట్రెస్ విజయలక్ష్మి గారు స్పీడ్ బ్రేకర్ల కోసం రెండేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు.

"పోయిన నెల మా ఏడో తరగతి పిల్ల సైకిల్ లారీ కింద పడిందండీ. పిల్ల ఇటు పడింది కాబట్టి సరిపోయింది" అన్నారావిడ. "రోడ్ల శాఖ ఆఫీసుకెళ్తే బండ్ల వేగమెంతో లెక్కలు తెమ్మంటున్నారు. నేను తెలుగు టీచర్ని, నాకెక్కడివండీ ఆ లెక్కలు?"

"నేను తెస్తాను" అన్నాను, చాలా ధీమాగా. ఆ శాఖ ఇంజినీరు డీఈ గారు స్వయంగా చూడ్డానికి గురువారం పదింటికి వస్తానన్నారట. ఆయన వచ్చేసరికి లెక్కలు సిద్ధంగా ఉండాలని ఆవిడ మరీ మరీ చెప్పారు.

సమాఖ్య పంపిన కిట్‌లో ఒక స్పీడ్ గన్, ఒక టోపీ, చిలకపచ్చ రంగులో మెరిసే జాకెట్ ఉన్నాయి. గురువారం పొద్దున అన్నీ తగిలించుకుని బడి గేటు పక్కన నిలబడి, రెండు చేతులా గన్ గురిపెట్టాను.

మొదటి బూడిద లారీ: ఇరవై ఒకటి. తర్వాత ఆటో: పద్దెనిమిది. ఒక బైకు మీద ముగ్గురు కుర్రాళ్లు వస్తూ వస్తూ దూరంగా ఆగారు. ఇద్దరు దిగి నడిచారు. మూడోవాడు మోచేతికి వేలాడుతున్న హెల్మెట్ తలకెక్కించి, నాకో నమస్కారం పెట్టి వెళ్లాడు. బస్సు డ్రైవరైతే బస్సు ఆపి, పిల్లల్ని "రండమ్మా, రండి" అని పిలిచి మరీ దాటించాడు.

మెషిన్ పాడైందనుకుని బ్యాటరీ మార్చాను. అటుగా వెళ్తున్న గేదె మీద గురిపెట్టి చూశాను. నాలుగు. గేదె సరిగానే నడుస్తోంది, మెషిన్ సరిగానే చూపిస్తోంది. మరి వీళ్లకేమైంది?

ఎదురుగా టీ బడ్డీ నాంచారయ్యని అడిగాను. "ఏం నాంచారయ్యా, ఇవాళ అందరూ ఇంత బుద్ధిగా పోతున్నారు?"

"మీరు చలానాలు రాసే మేడమ్ గారు కదండీ" అన్నాడు. "కిలోమీటరు అవతల్నుంచే ఒకళ్లకొకళ్లు లైట్లు కొట్టి చెప్పుకుంటన్నారండి. జీపెక్కడ పెట్టారని ఇందాక ఒకాయన నన్నడిగాడు కూడా."

"నువ్వేం చెప్పావు?"

"మామిడితోటలో ఉందని చెప్పానండి. ఎందుకొచ్చిన గొడవ."

సరే, జాకెట్టూ టోపీ తీసి సంచిలో పెట్టాను. నాంచారయ్య బల్ల మీద కూర్చుని, గన్ మీద దినపత్రిక కప్పి, సందులోంచి కొలవడం మొదలుపెట్టాను. తప్పంతా ఇక్కడే జరిగింది. అప్పటిదాకా మామూలు పోలీసుని, ఇప్పుడు దాక్కున్న పోలీసునయ్యాను.

ఒక ఆటో అతను తనంతట తానే పక్కకి ఆపి, ప్లాస్టిక్ కవర్‌లోంచి కాగితాలన్నీ తీసి నా ముందు పరిచాడు. "లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు చూసుకోండి మేడమ్. పొల్యూషన్ ఒక్కటీ రేపు చేయించేస్తాను."

"నేను పోలీసుని కాదు బాబూ."

"అర్థమైంది మేడమ్. నేనెవరికీ చెప్పను" అన్నాడు గొంతు తగ్గించి.

అతన్ని చూసి వెనక ఆటో ఆగింది. దాని వెనక ట్రాక్టరు. ఐదు నిమిషాల్లో రోడ్డు పక్కన కాగితాలు పట్టుకుని క్యూ. సరిగ్గా ఆ క్యూ పక్కన డీఈ గారి కారు వచ్చి ఆగింది.

ఆయన దిగి అటూ ఇటూ చూశారు. ఆగినవి ఆగి ఉన్నాయి, కదిలేవి పెళ్లి ఊరేగింపులా కదులుతున్నాయి. నా ఫారం తీసుకుని చదివారు. సగటు వేగం పంతొమ్మిది.

"ఈ రాత మీదేనామ్మా?"

"నాదేనండి."

"దీని మీద స్పీడ్ బ్రేకర్ కూడా వేస్తే బండ్లు వెనక్కి పోతాయి."

బడిలోంచి వచ్చిన విజయలక్ష్మి గారు నా వంక చూశారు. ఆవిడ రెండేళ్ల అర్జీలు నా ఒక్క జాకెట్‌తో కొట్టుకుపోయాయని మా ఇద్దరికీ తెలుసు. నేను జరిగిందంతా చెప్పాను, నాంచారయ్య మామిడితోట సంగతితో సహా సాక్ష్యం చెప్పాడు. డీఈ గారు నవ్వు ఆపుకుంటూ, "మీ మాట నమ్ముతానమ్మా. కానీ నేను ఫైల్లో పెట్టాల్సింది కాగితం. మీరు ఎవరికీ కనబడకుండా కొలిచి తీసుకురండి" అని కారెక్కారు.

సోమవారం మేడ మీద ఎనిమిదో తరగతి గదిలో, సగం మూసిన కిటికీ వెనక నిలబడ్డాను. మొదటి బూడిద లారీ: అరవై ఎనిమిది. కిటికీ ఊచలు గడగడలాడాయి. చూస్తూ నోరు తెరిచి, రెండో లారీ అంకె రాసుకోవడం మర్చిపోయాను. "ఎంత మేడమ్, ఎంత?" అని వెనక నుంచి పిల్లలు క్రికెట్ స్కోరు అడిగినట్టు అడుగుతున్నారు. వంద బండ్లలో ముప్పై కిలోమీటర్ల లోపు వేగంతో వెళ్లినవి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

విజయలక్ష్మి గారు ఆ కాగితం తనే పట్టుకెళ్లి, ముద్ర వేయించుకుని వచ్చారు. ఫైలు కదిలింది. వర్షాలు తగ్గాక వేస్తామన్నారు.

"అందాకా పిల్లలు దాటాలి కదండీ" అన్నారావిడ. "మీరు ఆ జాకెట్ వేసుకుని పొద్దున ముప్పావుగంట, సాయంత్రం ముప్పావుగంట..."

"గన్ తిరిగి పంపేయాలండీ."

"గన్నెందుకు, చేతిలో నల్లగా ఏదో ఒకటి ఉంటే చాలు."

మావారు షాపులోంచి ఒక పాత లారీ హారన్‌కి నల్లరంగు వేసిచ్చారు. బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

ఇంతలో సమాఖ్య నుంచి ఉత్తరం. నేను రెండు ఫారాలూ నిజాయితీగా పంపాను కదా, వాళ్లు తేదీలు చూడకుండా కిటికీ లెక్కని ముందరిదనీ, జాకెట్ లెక్కని తర్వాతదనీ అనుకున్నారు. ఇంత వేగం ఇంతలా ఎలా తగ్గించారు, మిగతా దేశాలకి కూడా చెబుతాం, అక్కడ ఏం కట్టారో వివరాలు నింపమని ఇంకో ఫారం పంపారు.

నిన్న కూర్చుని నింపాను. ఏర్పాటు రకం: తాత్కాలికం. ఎక్కడ: బడి గేటు పక్కన. ఎత్తు: అయిదడుగుల రెండంగుళాలు. దాని కింద వెడల్పు అని ఇంకో గడి ఉంది. అది మాత్రం ఖాళీగా వదిలేసి పంపాను.