ఆగ్నేయ మూల హీటరు

మా తోటికోడలి ఇల్లు కూడా ద పాండ్స్ పేటలోనే, మాకు రెండు వీధుల అవతల. పోయిన చలికాలం మొదట్లో ఆవిడ గ్యాస్ హీటరు పీకించేసి, వేడీ చల్లదనం రెండూ ఇచ్చే ఏసీ పెట్టించింది. పైకప్పు మీద సోలార్ పలకలున్నాయి కదా, పగలంతా ఆ కరెంటే సరిపోతుందట. భూమికి మేలట. ఆవిడ చెప్పే తీరు వింటే, ధ్రువాల దగ్గర మంచు కరగకుండా ఆగింది ఆవిడ హాలు వల్లే అనుకోవాలి.

"అదంతా ఫ్యాషను," అని కనిపించినవాళ్ళందరితో వాదించాను. వాదనలో నేను ఓడిపోలేదు. పోయింది నా కూతురు. యూనివర్సిటీ నుంచి తిన్నగా వాళ్ళింటికెళ్ళి, అక్కడే చదువుకుని, అన్నం వేళకి వచ్చేది.

"పిన్ని వాళ్ళింట్లో సాక్స్ కూడా అక్కర్లేదు మమ్. మన గ్యాస్ హీటరు వాసనకి నాకు హెడేక్."

పదేళ్ళుగా రాని తలనొప్పి! దాని నోట పిన్ని అన్న మాట వినగానే నాకు చలి పోయి ఒళ్ళు మండేది. పొగా లేదు, కరెంటూ అక్కర్లేదు. ఆ లెక్కన పర్యావరణానికి నాకంటే మంచి హీటరు లేదు.

చివరికి నేనూ కొన్నాను. ఆవిడ దానికంటే ఒక సైజు పెద్దది.

బిగించడానికొచ్చిన తెల్లాయన మేం రోజూ కూర్చునే హాలు గోడ చూపించి, లోపలి పెట్టె ఇక్కడ, బయటి పెట్టె దాని వెనక పెడదామన్నాడు. ఫోన్లో దిక్కులు చూశాను. "కుదరదు. వేడి పుట్టించేది ఆగ్నేయంలోనే ఉండాలి." అటు పెడితే ముందుగది ఒక్కటే వెచ్చబడుతుందన్నాడు. అరగంట వాదించి గెలిచాను. ముందుగది అంటే అతిథుల గది. దంతం రంగు సోఫా, దాని మీద దుప్పటి. మేమెవ్వరం అందులో కూర్చోం.

ఆదివారం తోటికోడలు చూడ్డానికొచ్చి, బయటి పెట్టె ముందు చెయ్యి పెట్టింది.

"అక్కా, ఇది చల్లగాలి కొడుతోంది. బయటి గాలిలో వేడి లాక్కుని లోపలికిస్తుంది కదా! ఆగ్నేయంలో నువ్వు పెట్టింది అగ్నినా, ఐసునా?"

"నువ్వెక్కడ పెట్టావేంటి?"

"మనుషులు కూర్చునే చోట."



మర్నాడు సోఫా మీద దుప్పటి తీసేసి, కూతురికి మెసేజ్ పెట్టాను. వచ్చింది. కాళ్ళు బార్లా చాపి, ఒళ్ళో ల్యాప్‌టాప్, చేతిలో నూడుల్స్ గిన్నె. మూడు చుక్కలు నా దంతం రంగు మీద పడ్డాయి. పళ్ళు బిగపట్టుకున్నాను.

"వెచ్చగా ఉందా?"

"ఊఁ. పిన్ని వాళ్ళది ఇంత సౌండ్ చెయ్యదు," అంది.

రిమోట్ తీసి ఇంకో రెండు డిగ్రీలు పెంచాను.