అందరూ పిలిచే పేరు

ఆ రోజు యూసుఫ్‌గూడలో బస్సెక్కగానే ఫోన్ తీసి పని మొదలుపెట్టాను. అందరూ కలిసి రాసే ఇంటర్నెట్ విజ్ఞాన సర్వస్వంలో నేనూ రాస్తుంటాను. సినిమా నటుల వ్యాసాలకు ఒక్కోదానికి ఒక్కో తీరు శీర్షిక ఉంటే నాకు చిరాకు. ఇంటిపేరుతో సహా అసలు పేరే ఉండాలని వరసగా మార్చుకుంటూ పోతున్నాను.

ఒడిలో బట్టల మూట పెట్టుకుని పక్కన కూర్చున్న పెద్దావిడ ఫోన్‌లోకి తొంగిచూసి, హాస్యనటుడి ఫొటో గుర్తుపట్టింది.

"గీ పేరు గాయనదా? ఎవలకెరుక బిడ్డా?"

"అదే అసలు పేరమ్మా. అందరివీ ఒకే పద్ధతిలో ఉండాలి కదా."

ఆమె నవ్వి మూట విప్పింది. షూటింగులో వేసే చొక్కాలవి. ప్రతి కాలరుకూ అది వేసుకునే నటుడి పేరు రాసిన చీటీ కుట్టి ఉంది.

"మొదట్ల నేను గూడ సిన్మోళ్ళిచ్చిన కాయితం జూసి అసలు పేర్లే రాసిన. ఒకనాడు జ్వరమొచ్చి సెట్టుకు పోలే. అంగి కండ్ల ముంగటనే ఉన్నా ఎవలకు దొరకలే, షూటింగ్ ఆగింది. అప్పటిసంది అందరు పిలిచే పేరే రాస్తున్న. నాది గూడ ఒకటే పద్ధతి బిడ్డా. నేను లేకున్నా దొరకాలె గద!"

ఫిల్మ్ నగర్‌లో ఆమె దిగిపోయింది. నేను మార్చిన శీర్షికలన్నీ ఒక్కొక్కటే వెనక్కి మార్చాను. వెతికేవాళ్ళు పిలిచే పేరే పెడదామని, ఆమె చెప్పిన మాటను కూడా జతచేసి చర్చా పేజీలో రాస్తే, ఈ మాట ఎవరిదో చెప్పమని ఒకరు అడిగారు.

అప్పుడు గుర్తొచ్చింది, ఆమె పేరు అడగనే లేదని.